కొండపల్లి వాగు ఫొటోకి ఫోనా, కెమెరానా?

వానాకాలం దాటితే కొండపల్లి కొండల కింది వాగుల్లో రాళ్లే మిగులుతాయి. నీళ్లున్న నాలుగు రోజుల్లోనే ఫొటో తీసుకోవాలి.

ఖర్చు: ఫోన్ జేబులోనే ఉంది. కెమెరాకి ట్రైపాడ్, పోలరైజర్ ఫిల్టర్ (లెన్స్ ముందు బిగించే, మెరుపు తగ్గించే అద్దం) కూడా కొనాలి.

శ్రమ: ఫోన్ తేలిక. ట్రైపాడ్ కాళ్లు పాచి మీద జారుతుంటాయి.

ఫొటో మాటకొస్తే నా ఓటు కెమెరాకే. షట్టర్ అర సెకను తెరిచి ఉంచితే నీళ్లు పాలతెరలా సాగుతాయి. పోలరైజర్ తిప్పగానే తడిరాయి మీద మెరుపు తగ్గి, నీటి అడుగున గులకరాళ్లు ఒక్కొక్కటీ తేటగా కనిపిస్తాయి. ఆ క్షణం కోసం ఎంత బరువైనా మోయొచ్చు.

రిస్క్ రెండింటికీ ఒకటే: వాగు ఉన్నట్టుండి పొంగడం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ఎలా ముంచిందో చూశాం. నీళ్లు ఎర్రబడితే వెంటనే గట్టెక్కండి.

చినుకుల్లో, పిల్లలతో వెళ్తే ఫోన్. వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే, తోడుగా ఒకరుంటే కెమెరా.