ఒకే రౌటర్ వెనుక నాలుగు ఇంటర్నెట్ ఫోన్లు: పోర్టులు తెరవాలా, వద్దా?

ఇంటర్నెట్ ఫోను ఒక్కటే ఉంటే ఎలా పెట్టినా పని జరిగిపోతుంది. రెండోది, మూడోది చేరాకే చిక్కు. కాల్ కలపడం సిప్ అనే పద్ధతి పని, దానికి మామూలుగా 5060 పోర్టు (పోర్టంటే అడ్రస్‌కు ఉండే నంబరు తలుపు లాంటిది). గొంతు మాత్రం ఆర్‌టీపీ అనే ఇంకో పద్ధతిలో వేరే యూడీపీ (అందిందా లేదా అని ఆగకుండా డేటా పంపే తీరు) పోర్టుల్లో వస్తుంది. పోర్టు తెరవడం, అంటే ఫార్వర్డింగ్, బయటి నుంచి ఆ పోర్టుకు వచ్చేదాన్ని లోపలి ఫోనుకు పంపమని రౌటర్‌కు చెప్పడమే. రౌటర్ బయటి పోర్టును లోపల ఒక్క అడ్రస్‌కే పంపగలదు కాబట్టి 5060ని నాలుగు ఫోన్లకు పంచడం కుదరదు.

అందుకే చాలామంది ఫోనుకో పోర్టు ఇస్తారు. ఒకదానికి 5060, మరోదానికి 5062, తర్వాత 5064, 5066. గొంతుకూ విడివిడిగా 10000–10019, 10020–10039 అంటూ వరసలు. సెట్టింగ్ ఫోనులోనూ రౌటర్‌లోనూ ఒకేలా ఉండాలి. ఫోను లోపలి ఐపీ మారకుండా రౌటర్‌లో కట్టేయాలి. అంతా సరిగ్గా చేస్తే పనిచేస్తుంది, కాదనను. కానీ తెరిచిన 5060 కోసం ఇంటర్నెట్‌లో రాత్రింబవళ్లు వెతికే స్కానర్ ప్రోగ్రాములు ఉన్నాయి. అర్ధరాత్రి ఫోను మోగుతుంది, ఎత్తితే ఎవరూ ఉండరు. ఈ దారే కావాలంటే సర్వీసు ఇచ్చే కంపెనీ ఐపీల నుంచి తప్ప ఇంకెవరినీ రానివ్వకండి.

నేనైతే ఏ పోర్టూ తెరవను. ఫోనే బయటికి వెళ్లి కంపెనీ సర్వర్‌లో రిజిస్టర్ అవుతుంది, ఆ దారిలోనే కాల్ తిరిగొస్తుంది. ఆ దారి మూసుకుపోకుండా చూడటమే మన పని. చాలా రౌటర్లలో నడిచే లినక్స్ కెర్నల్‌లో జవాబు రాని యూడీపీకి డిఫాల్ట్ గడువు 30 సెకన్లే. అందుకే ఫోన్లో కీప్-అలైవ్‌ను (దారి తెరిచి ఉంచడానికి పంపే చిన్న మెసేజీని) 20 సెకన్లకు పెడతాను. రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే సదుపాయం ఉంటే ఆపేస్తాను. సాయం చేయడానికే పెట్టారు గానీ, అది మెసేజీల్లోని అడ్రస్‌లను తప్పుగా మార్చి గందరగోళం చేయడమే ఎక్కువ. కాల్ ఎత్తిన 32 సెకన్లకు సరిగ్గా కట్ అవుతోందంటే మొదట చూడాల్సిన చోట్లలో ఇదొకటి. మన ఫోను ‘ఎత్తాను’ అని చెప్పాక అవతలి నుంచి రావాల్సిన ధ్రువీకరణ దారి తప్పుతోందన్నమాట. అరసెకనుకు 64 రెట్లు, అంటే 32 సెకన్లు ఎదురుచూసి ఫోను వదిలేస్తుంది.

ఆస్టరిస్క్ లాంటి సొంత పీబీఎక్స్ (మన ఫోన్లను కలిపే సొంత ఎక్స్ఛేంజ్) ఉంటే లెక్క వేరు. ఫోన్లన్నీ లోపలే దానికి రిజిస్టర్ అవుతాయి, ఫార్వర్డ్ చేయాల్సి వచ్చినా ఆ ఒక్క మిషన్‌కే. ఆస్టరిస్క్ మాదిరి సెట్టింగుల ఫైల్లో గొంతుకు 10000 నుంచి 20000 వరకు రాసి ఉంటుంది. నాలుగు ఫోన్లకు అంత అక్కర్లేదు, వంద పోర్టులు ధారాళంగా సరిపోతాయి. వేరే ఊళ్లో ఉన్నవాళ్ల ఫోన్లను దీనికే కలపాలంటే వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా మనకే ఉండే రహస్య దారి) పెట్టండి, సిప్‌ను ఊరందరికీ తెరవొద్దు.

ఫార్వర్డింగ్‌కు దిగేముందు రౌటర్ వ్యాన్ ఐపీ (బయటి వైపు అడ్రస్) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ నెట్ కంపెనీ దగ్గర ఇంకో నాట్ (మీ రౌటర్ లాగే ఒకే బయటి అడ్రస్‌ను చాలామందికి పంచేది) ఉన్నట్టే. అప్పుడు మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా వాటి కోసం వచ్చే బయటి కాల్ అక్కడే ఆగిపోతుంది.