పచ్చి చెక్క గిన్నె ఆరాలంటే: కాగితపు సంచి, ఉడికించడం, మైక్రోవేవ్‌లలో ఏది మేలు?

గాలివానకు కూలిన వేప కొమ్మో, నిద్రగన్నేరు దుంగో దొరికితే, దాన్ని లేత్‌పై, అంటే కర్రను గిరగిరా తిప్పుతూ చెక్కే యంత్రంపై, గిన్నెగా మలచడం ఒక పూట పని. అది పగలకుండా ఆరడం మాత్రం నెలల పని. ఆరే కర్ర తన వయసు వలయాలకు అడ్డంగా కంటే వలయాల వెంబడి దాదాపు 2 రెట్లు ఎక్కువగా కుంచించుకుంటుంది, పైగా నార కొసలు తెగిన చోట నీరు మరీ వేగంగా బయటికి పోతుంది కనుక నెర్రెలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. దుంగ నడిమి బెండు గిన్నెలో మిగిలిపోతే ఏ పద్ధతినీ నమ్ముకోలేము.

హైదరాబాదు వాతావరణానికి నేను కాగితపు సంచినే ఎంచుకుంటాను. గోడను వ్యాసంలో పదో వంతు మందంగా, అంటే 250 మిల్లీమీటర్ల గిన్నెకు 25 మిల్లీమీటర్లు ఉంచి, నార కొసలకు మైనం పూసి, చెక్కేటప్పుడు రాలిన పొట్టుతో కలిపి సంచిలో పెట్టాలి. వారానికోసారి తూచి ఆ బరువును గిన్నె అడుగున పెన్సిలుతో రాసుకుంటూ, తగ్గుదల ఆగాకే మళ్లీ లేత్‌కు ఎక్కించాలి. అప్పటికి గిన్నె కోలగా సాగి ఉంటుంది, అంత మందం ఉంచేది దాన్ని మళ్లీ గుండ్రంగా చెక్కడానికే. ఒక మే నెలలో నేను ఫ్యాను కింద వదిలేసిన వేప గిన్నె తెల్లవారేసరికి అంచు నుంచి రెండు వేళ్ల మేర చీలింది. వానాకాలంలో బాధ వేరు: పచ్చి పొట్టుకు బూజు పడుతుంది, కాబట్టి అప్పుడు ఎండు పొట్టు వాడి, తడిసిన సంచిని మార్చుతూ ఉండాలి.

అంగుళం మందానికి సుమారు గంట చొప్పున ఉడికిస్తే నెర్రెలు తగ్గుతాయి గానీ, కర్ర రంగు కొంత నీళ్లలోకి దిగిపోతుంది, ఆ తరువాత కూడా నిదానంగా ఆరబెట్టక తప్పదు. మైక్రోవేవ్ చిన్న గిన్నెలకే తగును. తక్కువ వేడిపై నిమిషం పెట్టి, పూర్తిగా చల్లార్చి, తూచి, మళ్లీ పెట్టాలి. తొందరపడితే పైకి ఏమీ కనిపించకుండానే కర్ర లోపల మాడుతుంది.

వెంట్రుకంత నెర్రెలో అదే కర్ర పొడిని కూరి ఫెవిక్విక్ చుక్కలు వేయవచ్చు, వెడల్పు పగులుకు ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) మేలు. అయితే బరువు ఇంకా తగ్గుతూనే ఉన్న గిన్నెకు పూరిస్తే, పగులు పక్కనే మళ్లీ తెరుచుకుంటుంది. అంచు నుంచి అడుగు దాకా సాగిన పగులున్న గిన్నెను మాత్రం, ఎంత ముచ్చటైన చారలున్నా, లేత్‌కు ఎక్కించకూడదు. వేగానికి అది రెండుగా విడిపోయి ఎదుట నిలబడ్డ మనిషి ముఖానికి తగలగలదు.