కారు ఆడియో: స్క్రీన్ కంటే డోర్లే ముఖ్యం (కడప ఎండల్లో చాలాకాలం వాడాక సమీక్ష)

కారు చిన్న హ్యాచ్‌బ్యాక్. డ్యాష్‌బోర్డులో తొమ్మిది అంగుళాల ఆండ్రాయిడ్ యూనిట్, ముందు డోర్లలో ఆరున్నర అంగుళాల కాంపొనెంట్ స్పీకర్లు (కింది స్వరాలకు వూఫర్, పై స్వరాలకు ట్వీటర్ విడివిడిగా ఉండేవి), వెనక డోర్లలో కంపెనీ ఇచ్చినవే. డ్రైవర్ సీటు కింద నాలుగు ఛానళ్ల క్లాస్ డి (కరెంటు తక్కువ వృథా చేసే రకం) యాంప్లిఫయర్, పక్క సీటు కింద ఎనిమిది అంగుళాల యాక్టివ్ సబ్‌వూఫర్ (బేస్ కోసమే, సొంత యాంప్ లోపలే ఉన్న స్పీకర్), డోర్లకు బ్యుటైల్ షీటు (కంపనం ఆపే, రబ్బరులాంటి జిగురు షీటు). తిరుగుడంతా కడప టౌన్లో, రాయచోటి, పులివెందుల రోడ్ల మీద, అప్పుడప్పుడు అనంతపురం మీదుగా బెంగళూరు హైవేలో. కొత్తలో ఏదైనా బాగానే వినిపిస్తుంది. ఎండాకాలాలు దాటాక ఏది నిలబడింది, ఏది దండగ అనేది ఇక్కడ రాస్తున్నా. ముందే చెప్పేస్తే, పెట్టిన డబ్బుకు అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది డోర్ల పని. తర్వాత సెట్టింగ్. అన్నిటికంటే తక్కువ ఇచ్చింది స్క్రీనే.

ఆండ్రాయిడ్ యూనిట్ల పెట్టె మీద 4×45 వాట్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. వీటిలో చాలావాటిలో వాడేది టీడీఏ 7388 లాంటి చిప్. దాని డేటాషీటు చూస్తే 45 అనేది గరిష్ఠ అంకె. 14.4 వోల్టుల దగ్గర, 10 శాతం డిస్టార్షన్ (శబ్దం రూపు చెడడం) ఒప్పుకుంటే వచ్చేది 26 వాట్లు. పది శాతం డిస్టార్షన్ అంటే గొంతు పగిలినట్టు ఎవరికైనా తెలిసిపోతుంది, కాబట్టి శుభ్రంగా వచ్చేది 20 వాట్లు అటూ ఇటూ అనుకోవాలి. కంపెనీ స్టీరియో కూడా దాదాపు అంతే ఇస్తుంది. అందుకే స్క్రీన్ ఒక్కటి మార్చి "సౌండ్ ఏం పెరగలేదే" అని బాధపడేవాళ్లు ఎక్కువ. యూనిట్ కొనేటప్పుడు ర్యామ్ ఎంత అని కాదు, డీఎస్పీ (శబ్దాన్ని సర్దే చిప్) ఉందా, అందులో ఒక్కో ఛానల్‌కు విడిగా డిలే (శబ్దాన్ని కాస్త ఆలస్యం చేయడం), హైపాస్ (కింది స్వరాలను ఆపే ఫిల్టర్) ఉన్నాయా, వెనక ఆర్‌సీఏ (యాంప్‌కు సిగ్నల్ పంపే) అవుట్‌పుట్లు ఎన్ని, ఎన్ని వోల్టులు అని అడగాలి. రెండు వోల్టులు పర్వాలేదు, నాలుగైతే మంచిది. సిగ్నల్ ఎంత బలంగా వస్తే యాంప్ గెయిన్ (వచ్చిన సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే నాబ్) అంత తగ్గించుకోవచ్చు, హిస్ (సన్నటి బుస) కూడా అంత తగ్గుతుంది.

ఇక డోర్ల సంగతి. డోర్ ప్యాడ్ ఊడదీసి చూస్తే లోపలి రేకుకు చెయ్యి పట్టేంత పెద్ద కంతలు ఉంటాయి, వాటి మీద పలుచటి ప్లాస్టిక్ కవరు అంటించి ఉంటుంది. స్పీకర్ కోన్ ముందుకు కదిలినప్పుడు ముందు గాలి ఒత్తుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. వెనక పుట్టిన శబ్దం ఆ కంతల్లోంచి బయటికొచ్చి ముందు శబ్దాన్ని కొట్టేస్తుంది. కింది స్వరాల్లో ఈ నష్టం మరీ ఎక్కువ. డోలు, బేస్ గిటార్ పలచగా, డబ్బా మోగినట్టు వినిపించడానికి కారణం ఇదే. పది వేల స్పీకర్ పెట్టినా ఆ కంతలు మూయకపోతే అదే గొడవ.

చేయాల్సిన పని రెండు పొరలు. మొదట బయటి రేకు లోపలి ముఖం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, 2 మి.మీ. బ్యుటైల్ షీటు ముక్కలు అంటించి, రోలర్‌తో షీటు పైనున్న అల్యూమినియం మీది గళ్లు చదునయ్యేదాకా గట్టిగా నొక్కాలి. రేకు మొత్తం కప్పాల్సిన పన్లేదు. మధ్యభాగంలో, స్పీకర్ వెనకాల, మొత్తం మీద మూడో వంతు కప్పితే కంపనం చచ్చిపోతుంది. ఆపైన వేసే ప్రతి ముక్కా డోర్ కీలుకు బరువే. తర్వాత లోపలి రేకు. ఇక్కడ మాత్రం కంతలన్నీ మూయాలి. పెద్ద కంతల మీద షీటు ఒక్కటే వేస్తే ఎండకు వదులై లోపలికి కుంగుతుంది, కాబట్టి పలుచని అల్యూమినియం రేకో, ఏబీఎస్ (గట్టి ప్లాస్టిక్) షీటో ముందు బిగించి దాని మీద బ్యుటైల్ వేయాలి. చివరగా ప్యాడ్ వెనకాల క్లిప్పుల చుట్టూ 6 మి.మీ. క్లోజ్డ్ సెల్ ఫోమ్. ఇది లేకపోతే బేస్ పెంచినప్పుడు ప్యాడే గరగరమంటుంది.

జాగ్రత్తలు మూడు. డోర్ అడుగున నీళ్లు పోయే రంధ్రాలుంటాయి, వాటి మీద షీటు వేయకూడదు. నీళ్లు నిలిచి రేకు తుప్పు పడుతుంది. ప్యాడ్ బిగించే ముందు అద్దం పూర్తిగా దించి, ఎత్తి చూడాలి. షీటు అంచు బ్లేడులా కోస్తుంది, గ్లౌజులు వేసుకోవాలి. మన దగ్గర ఇంకో సౌకర్యం ఉంది: షీటు కాసేపు ఎండలో పెడితే చాలు, హీట్‌గన్ అక్కర్లేకుండానే మెత్తబడుతుంది. అదే ఎండ తారు షీటుకు శత్రువు. మిద్దె లీకేజీకి వాడే తారు షీటు చవకని డోర్లలో వేసేవాళ్లున్నారు. మే నెలలో డోర్ తీస్తే కారంతా తారు కంపు, ఇంకా వేడెక్కితే జారి అద్దం రన్నర్లకు అంటుకుంటుంది. బ్యుటైల్ మాత్రం కడప ఎండకు ఇంతవరకూ ఎక్కడా ఊడలేదు.

షాపులో చెప్పని మాట ఒకటుంది. డోర్లకు షీటు వేస్తే హైవేలో టైర్ల మోత పోదు. అది ఫ్లోర్ నుంచి, చక్రాల గూళ్ల నుంచి వస్తుంది. గంటకు 80 కి.మీ. వేగంలో ఫోన్ మీటరులో తేడా రెండు మూడు డెసిబెల్సే కనిపించింది. షీటు వేసేది స్పీకర్ కోసం, నిశ్శబ్దం కోసం కాదు.

స్పీకర్ బిగించే రింగ్ ఏ చెక్కతో చేశారో కూడా చూసుకోవాలి. ఎండీఎఫ్ (చెక్కపొడి అతికించి చేసిన బోర్డు) రింగ్ వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, స్క్రూలు వదులవుతాయి. 18 మి.మీ. మెరైన్ ప్లైవుడ్ లేదా ఏబీఎస్ రింగ్ వేసి, రేకుకూ రింగ్‌కూ మధ్య ఫోమ్ పట్టీ పెట్టాలి. ట్వీటర్లు అద్దాల మూల ప్లాస్టిక్ మీద పెడితే చాలు. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారులో ముందు పిల్లర్‌కు డ్రిల్ పెట్టనివ్వద్దు. వైర్ల ప్లస్, మైనస్ అనుమానంగా ఉంటే 1.5 వోల్టుల సెల్ వూఫర్ వైరుకు ఒక్క క్షణం తాకించి చూడండి. సెల్ ప్లస్ తగిలిన వైరు ప్లస్ అయితే కోన్ బయటికి వస్తుంది. ఒకవైపు తిరగబడితే బేస్ మాయమై, గొంతు ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా పోతుంది. ట్వీటర్‌కు ఈ పరీక్ష పనికిరాదు.

యాంప్‌కు కరెంటు లెక్క ఇలా. నాలుగు ఛానళ్లు, ఒక్కోటి 60 వాట్లు, మొత్తం 240. క్లాస్ డి సామర్థ్యం 80 శాతం అనుకుంటే లాగేది 300 వాట్లు. 13.8 వోల్టులతో భాగిస్తే 22 ఆంపియర్లు. దీనికి 8 గేజ్ రాగి వైరు, 30 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతాయి. ఫ్యూజు బ్యాటరీకి 45 సెం.మీ. లోపలే ఉండాలి, ఎందుకంటే అది కాపాడేది యాంప్‌ని కాదు, వైరు ఎక్కడైనా రేకుకు ఒరుసుకుంటే కారుని. చవక కిట్లలో వచ్చేది రాగి పూత పూసిన అల్యూమినియం. దాని వాహకత రాగిలో మూడింట రెండొంతులు కూడా ఉండదు. ఒక పోగు తీసి బ్లేడుతో గీకితే తెలిసిపోతుంది. పైకి ఎర్రగా, లోపల తెల్లగా ఉంటే అల్యూమినియం. పైకి తెల్లగా, లోపల ఎర్రగా ఉంటే టిన్ పూత వేసిన రాగి, నిశ్చింతగా వాడొచ్చు. గ్రౌండ్ వైరు అర మీటరు లోపు, అదే గేజ్‌లో, పెయింటు గీకి మెరిసే రేకు మీద బిగించాలి. సీటు బెల్టు బోల్టు జోలికి పోవద్దు.

కూత సమస్య చాలామందికి వస్తుంది. గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతూ రెండో గేర్లో యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లలో సన్నటి కూత ఇంజిన్‌తో పాటే పైకి లేస్తుంది, అక్కడ పేరున్న పాలకోవా కోసం ఆగి ఇంజిన్ ఆపితే పోతుంది. అది ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) కూత. కండెన్సర్ పెట్టించమని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకండి, ముందు కారణం వెతకాలి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఫోన్ ఛార్జర్, డ్యాష్‌క్యామ్ పీకి చూడండి. ఇంకా ఉంటే యాంప్ ఆపి, ఆర్‌సీఏ పీకి, మళ్లీ ఆన్ చేయండి. కూత పోతే తప్పు యూనిట్ వైపు. యూనిట్ నల్ల వైరు డ్యాష్‌బోర్డులో ఏదో స్క్రూకు చుట్టి ఉంటుంది, దాన్ని మంచి గ్రౌండుకు మార్చాలి. పోకపోతే యాంప్ గ్రౌండు. పవర్ వైరు ఒకవైపు, ఆర్‌సీఏ ఇంకోవైపు నడిపితే సగం గొడవ మొదట్లోనే తప్పుతుంది.

గెయిన్ అనేది వాల్యూమ్ కాదు, షాపుల్లో ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. స్పీకర్ వైర్లు యాంప్ నుంచి పీకి, ఈక్వలైజర్ ఫ్లాట్ (అన్నీ సున్నా) చేసి, లౌడ్‌నెస్ (బేస్ పెంచే బటన్) ఆపి, హైపాస్ తాత్కాలికంగా తీసేసి, 0 డీబీ (పూర్తి) స్థాయిలో ఉన్న 50 హెర్ట్జ్ టోన్ ప్లే చేయాలి. చవక మల్టీమీటర్లు 400 హెర్ట్జ్ దాటితే తప్పు చూపిస్తాయి, అందుకే 50. యూనిట్ వాల్యూమ్ ముప్పావు వంతుకు పెట్టి, యాంప్ అవుట్‌పుట్ దగ్గర ఏసీ వోల్టులు చూస్తూ గెయిన్ తిప్పాలి. 60 వాట్లను స్పీకర్ 4 ఓమ్‌లతో గుణిస్తే 240, దాని వర్గమూలం 15.5. మీటరులో 15.5 వోల్టులు రాగానే ఆపేయాలి. ఆ ముప్పావు గుర్తు దాటి వాల్యూమ్ పెంచకూడదు. క్లిప్ అయిన (యాంప్ హద్దు దాటి తెగిన) సిగ్నల్‌కు ముందు కాలేది ట్వీటరే.

ముందు డోర్లకు హైపాస్ 80 హెర్ట్జ్, సబ్‌కు లోపాస్ (పై స్వరాలను ఆపే ఫిల్టర్) కూడా 80. వెనక స్పీకర్లు వినీ వినపడనట్టు ఉంటే చాలు, అవి పెంచితే పాట వీపు వెనక నుంచి పాడుతున్నట్టు ఉంటుంది. డిలే లెక్క సులువు: శబ్దం ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెం.మీ. పోతుంది. డ్రైవర్ తల నుంచి కుడి వూఫర్ 75 సెం.మీ., ఎడమది 130 అయితే తేడా 55. కుడివైపుకు 1.6 మిల్లీసెకన్లు ఇవ్వాలి. కాంపొనెంట్లతో వచ్చిన క్రాసోవర్ (స్వరాలను ట్వీటర్, వూఫర్‌లకు పంచే పెట్టె) వాడుతుంటే ట్వీటర్, వూఫర్ ఒకే ఛానల్, కాబట్టి కుడి ఎడమలకు మాత్రమే డిలే కుదురుతుంది. పరీక్షకు ఘంటసాల కాలం నాటి మోనో (రెండు వైపులా ఒకే శబ్దం ఉన్న) పాటకు మించింది లేదు. మోనో కాబట్టి గొంతు కచ్చితంగా ఒకే చోట, ముందు అద్దం మధ్యలో, నిలబడాలి. కుడికి లాగితే డిలే ఇంకో 0.1 పెంచాలి. గొంతు వెడల్పుగా చెదిరితే ఒకవైపు ప్లస్ మైనస్ తిరగబడిందని అర్థం. ఈక్వలైజర్లో చేసింది రెండే: ముందు అద్దానికి కొట్టుకుని గుచ్చుకునే 3 కిలోహెర్ట్జ్ దగ్గర 3 డీబీ, కారు గుయ్యిమనే 125 హెర్ట్జ్ దగ్గర 2 డీబీ తగ్గింపు. పెంచింది ఏదీ లేదు.

పాట ఫైలు బాగలేకపోతే పైన చెప్పిందంతా వృథా. 320 కేబీపీఎస్ అని పేరున్న చాలా ఎంపీ3లు 128 నుంచి ఉబ్బించినవే. స్పెక్ట్రమ్ చూపించే యాప్‌లో వేస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతాయి. నిఖార్సైన 320 పాట ఐదు నిమిషాలకు 12 ఎంబీ ఉంటుంది, కానీ ఉబ్బించినదీ అంతే ఉంటుంది కాబట్టి సైజు చూసి మోసపోవద్దు. పెన్‌డ్రైవ్‌లో ఫ్లాక్ (నాణ్యత తగ్గించని ఫైలు), లేదా కేబుల్‌తో ఆండ్రాయిడ్ ఆటో వాడండి. బ్లూటూత్ అయితే ఫోన్ వాల్యూమ్ నిండుగా పెట్టి, ఫోన్లోని సౌండ్ ఎఫెక్టులన్నీ ఆపేయాలి.

సీటు కింది సబ్ గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. కిందికి 40 హెర్ట్జ్ దాకా పర్వాలేదు, డప్పు దెబ్బకు ఒళ్లు తెలుస్తుంది, డీజే అదురు ఆశించొద్దు. ఫేజ్ స్విచ్ (సబ్ శబ్దాన్ని తిరగేసేది) 0, 180 రెండూ విని, బేస్ నిండుగా వచ్చిన వైపు ఉంచితే అయిపోయింది.

ఖర్చు సుమారుగా: యూనిట్ 14 వేలు, కాంపొనెంట్లు 8, యాంప్ 11, సబ్ 10, డ్యాంపింగ్ కూలీతో 7, రాగి వైర్ల కిట్ 3. చేతిలో పదిహేను వేలే ఉంటే కంపెనీ స్టీరియో అలాగే ఉంచి ముందు డోర్ల డ్యాంపింగ్, ముందు కాంపొనెంట్లు చేయించండి. స్క్రీన్, సబ్ ఎప్పుడైనా వస్తాయి.

ఎండకు మొదట లొంగేది యూనిటే. మధ్యాహ్నం ఆరుబయట పెట్టిన కారులో స్టార్ట్ అయిన మొదటి నిమిషాల్లో టచ్ తనంతట తనే నొక్కుకుంటుంది, ఏసీ తగిలాక సర్దుకుంటుంది. ముందు అద్దానికి సన్‌షేడ్ పెడితే చాలావరకు తగ్గింది. యాంప్ సీటు కింద ఉంది కాబట్టి ఎర్రగుంట్ల వైపు తిరిగే బండికి దుమ్ము బెడద ఎక్కువ. ఆరు నెలలకోసారి మూత తీసి బ్లోయర్ కొట్టాలి, టెర్మినల్ స్క్రూలు బిగించాలి. బ్యాటరీ దిగిపోతుంటే యాంప్ నీలం రిమోట్ వైరు (యాంప్‌ని ఆన్, ఆఫ్ చేసేది) ఎక్కడ కలిపారో చూడండి. నేరుగా పన్నెండు వోల్టులకు కలిపి ఉంటే యాంప్ ఎప్పుడూ మేలుకునే ఉంటుంది. ఒక ఆంపియర్ చొప్పున లాగినా 35 ఏహెచ్ (ఆంపియర్-గంటల) బ్యాటరీ రోజున్నరలో ఖాళీ. కారు లాక్ చేసి అరగంట ఆగాక బ్యాటరీ మైనస్‌కు సిరీస్‌లో మీటరు పెడితే 50 మిల్లీఆంపియర్ల లోపు ఉండాలి. అంతకంటే ఎక్కువ చూపిస్తే ఫ్యూజులు ఒక్కొక్కటిగా పీకుతూ పోండి, ఏది పీకితే అంకె పడిపోతుందో తప్పు ఆ లైన్లోనే ఉంటుంది.