రెండు పార్టీలకూ ఓటేసి చూశాను, మా కనిగిరి వైపు నీళ్ల సంగతి ఇది

2014లో సైకిల్‌కి వేశాను, 2019లో ఫ్యాన్‌కి, 2024లో మళ్లీ సైకిల్‌కి. ఎవరి కండువా వేసుకోలేదు. పింఛన్లు, రోడ్లు, బడుల గురించి అందరూ రాస్తున్నారు కాబట్టి అవి వదిలేస్తున్నా. నా బాధ ఒక్కటే, శ్రీశైలం నుంచి మా వైపు నీళ్లు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టు.

1996లో చంద్రబాబు గారు శంకుస్థాపన చేసినప్పుడు నేను తొమ్మిదో తరగతి. 2004లో వైఎస్ గారు పనులు మొదలుపెట్టాక, ఇంక శ్రీశైలం నీళ్లు వచ్చేస్తాయని మా నాయన రెండెకరాల్లో బత్తాయి పెట్టాడు. కొండ కింద పద్దెనిమిది కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వాలి, టైం పడుతుందని మాకూ తెలుసు. కానీ చెట్టు ఆగదు కదా. మూడో బోరు వేసిన రోజు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఏడు వందల అడుగులు దాటినా తెల్లటి రాతి పొడే తప్ప తడి లేదు, గట్టున కూర్చున్న అమ్మ చీర, జుట్టు అంతా ఆ పొడితో తెల్లబడిపోయాయి, రిగ్గు అతను "ఇంకో వంద వేయమంటారా" అంటే నాయన ఏమీ చెప్పకుండా ఇంటికి నడిచి వెళ్లిపోయాడు. ఆ ఏడే తోట కొట్టించాం.

2014 నుంచి ఐదేళ్లు టీడీపీ ప్రభుత్వం ఇదిగో అదిగో అంటూనే గడిపేసింది. మొదటి సొరంగం 2021లో, రెండోది 2024లో పూర్తయ్యాయి, అది జగన్ గారి హయాంలోనే, ఒప్పుకోవాలి. ఆ మార్చిలో ఆయన ప్రారంభించిన రోజు నేనే బంధువులందరికీ ఫోన్లు చేసి చెప్పాను. తర్వాత తెలిసొచ్చింది, ముంపు ఊళ్ల వాళ్లకు పరిహారం, పునరావాసం తేలకుండా, సొరంగాల నీళ్లు నిలవాల్సిన నల్లమల సాగర్ రిజర్వాయర్ నింపడం కుదరదని. ఆ పని కాకుండా సరిగ్గా ఎన్నికల ముందు ప్రారంభోత్సవం పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఇప్పుడు మళ్లీ వచ్చిన టీడీపీ వాళ్లూ గడువులు చెబుతున్నారు.

ఇంకొకటి చెప్పాలి. ఒక ఎండాకాలం మా వీధికి ట్యాంకర్ ఆపేశారు, మీరు మా వాళ్లు కాదుగా అని. అప్పుడు నేను ఓటేయని పార్టీ నాయకుడొకాయన అడక్కుండానే తన ట్రాక్టరుతో పది రోజులు నీళ్లు పంపించాడు. ఆయన మంచితనం ఊరంతా చెప్పుకున్నాను. వాళ్ల పార్టీ గెలిచాక ట్యాంకర్ మొదట ఆయన మనుషులుండే వీధులకే వెళ్లింది. అయినా ఆ పది రోజులు మరిచిపోలేను.

నెల్లూరు జిల్లాలో పెన్న ఒడ్డున సంగం దగ్గర ఉండే మా బావ మాత్రం నాలా మాట్లాడడు. 2022లో జగన్ గారు సంగం, నెల్లూరు బ్యారేజీలు ప్రారంభించారు కాబట్టి ఆయనకు ఫ్యానే. వాటి పనులు వైఎస్ గారి కాలంలో మొదలయ్యాయని, మధ్యలో టీడీపీ ప్రభుత్వమూ ఉందని నేనంటే, నీళ్లున్న చోట కూర్చుని మాట్లాడు బావా అంటాడు. అదీ నిజమే. పెన్న కింద వరి వేసేవాళ్లకు నా మాట పనికిరాకపోవచ్చు.

వచ్చేసారి నా ఓటు ఎవరికో ఇంకా తేల్చుకోలేదు. అమ్మకు డెబ్బై దాటాయి, మోకాళ్లు పనిచేయడం లేదు. కాలువలో నీళ్లు వచ్చిన రోజు, తెచ్చింది ఎవరైనా సరే, ఆటోలో గట్టు దాకా తీసుకెళ్లి ఆమెకు చూపిస్తాను.