పెట్రోల్ ప్రెషర్ గేజ్ కిట్: నాలుగు నెలల వాడకం తర్వాత

సాలూరు నుంచి సుంకి మీదుగా సిమిలిగుడకు వచ్చేటప్పుడు, ఘాట్ మొదలైన కాసేపటికే మా పెట్రోల్ కారు మూడో గేరులో లాగడం మానేసేది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా వేగం పెరిగేది కాదు. పైకి చేరి సమతలం మీదికి వచ్చాక ఏమీ ఎరగనట్టు నడిచేది. ఊళ్లోని మేస్త్రీ పెట్రోల్ ట్యాంకు వైపు చెవి పెట్టి విని, "పంపు బలం తగ్గిపోనాది బాబూ, మార్చేయడమే మంచిది" అన్నారు. ఆయన అనుభవాన్ని నేను తక్కువ చేయను. అయితే వేలు ఖర్చయ్యే భాగాన్ని శబ్దం ఆధారంగా మార్చడానికి మనసు ఒప్పక, విశాఖపట్నంలోని ఒక విడిభాగాల దుకాణంలో రూ. 2,300 పెట్టి ఇంధన పీడనం కొలిచే కిట్ కొన్నాను. పెట్టె మీద తయారీదారు పేరేమీ లేదు.

ప్లాస్టిక్ పెట్టెలో 10 బార్, అంటే సుమారు 145 పీఎస్ఐ (రెండూ పీడనాన్ని కొలిచే ప్రమాణాలు) వరకు చూపే గేజ్, దాదాపు మీటరు పొడవున్న రబ్బరు గొట్టం, పీడనం వదలడానికి మీట ఉన్న చిన్న సన్న గొట్టం, ఇరవైకి పైగా ఇత్తడి జాయింట్లు ఉన్నాయి. ఆ జాయింట్లలో ఎక్కువ భాగం మన రోడ్ల మీద కనిపించని కార్లకు సంబంధించినవి. పైగా మన దగ్గర తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ఇంజెక్టర్ రైలు (ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లకు ఇంధనం పంచే గొట్టం) మీద పరీక్ష కోసం ప్రత్యేకమైన వాల్వు ఉండదు కనుక, పెట్రోల్ పైపును విప్పి మధ్యలో మూడు మూతుల జాయింటును పెట్టవలసి వస్తుంది. నాకు పనికొచ్చింది 7.89 మిల్లీమీటర్ల క్విక్ కనెక్టరు (నొక్కితే క్లిక్‌మని పట్టుకునే జాయింటు) ఒక్కటే.

గొట్టానికి కిట్‌తో వచ్చిన క్లాంపులను నమ్మకూడదని మొదటి రోజే తెలిసింది. తాళం తిప్పగానే పంపు సుమారు రెండు సెకన్లు తిరిగి పైపులో పీడనం నింపుతుంది. ఆ రెండు సెకన్లలోనే జాయింటు అంచున పెట్రోల్ చెమ్మ పట్టి, ఒక చుక్క ఇంజిన్‌కు తగిలి ఉండే మానిఫోల్డు గొట్టాల మీదికి జారింది. ఇంజిన్ చల్లగా ఉన్నందున ప్రమాదమేమీ జరగలేదు. వెంటనే తాళం తీసి, మంచి స్క్రూ క్లాంపులు తెచ్చి బిగించాను. కొనేవారు ఈ క్లాంపుల ఖర్చును కూడా కిట్ ధరలో కలిపే లెక్కించుకోవాలి. పైపు విప్పే ముందు పంపు రిలే (పంపుకు కరెంటు పంపే స్విచ్చు) తీసి ఇంజిన్ దానంతట అది ఆగేవరకు నడపడం, బ్యాటరీ నెగటివ్ విప్పడం, జాయింటు చుట్టూ గుడ్డ చుట్టడం, పొడి రకం అగ్నిమాపక సిలిండరును చేతికందేంత దగ్గరలో ఉంచుకోవడం తప్పనిసరి. మూసిన షెడ్డులో ఈ పని అసలు చేయకూడదు.

ఇక అసలు కొలతల సంగతి. మా కారుకు ఉండవలసింది 3 బార్, అంటే 43 పీఎస్ఐకి కాస్త పైన. ఇంజిన్ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా నడుస్తూ ఉన్నప్పుడు ముల్లు సరిగ్గా అక్కడే నిలబడింది. ఇంజిన్ ఆపాక పది నిమిషాలకు 39 దగ్గర ఉంది కాబట్టి పంపులోని చెక్ వాల్వు (పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపేది), ఇంజెక్టర్లు పెద్దగా కారడం లేదని అర్థమైంది. చాలామంది పరీక్షను ఇక్కడితో ముగిస్తారు. నిజానికి ఇక్కడే మోసపోతారు. ఐడిల్‌లో ఇంజిన్ తాగే పెట్రోల్ చాలా తక్కువ; మిగిలినదంతా పీడనాన్ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ తిరిగి ట్యాంకులోకి వదిలేస్తుంది. అందువల్ల నీరసించిన పంపు కూడా ఆ కాస్త అవసరాన్ని తీర్చి, గేజ్ మీద నిండు పీడనమే చూపిస్తుంది. లోపం బయటపడేది ఎత్తు ఎక్కేటప్పటిలా ఇంజిన్ మీద భారం పడినప్పుడే.

అందుకని గొట్టాన్ని బానెట్ వెనుక అంచు నుంచి నలగకుండా బయటకు తీసి, గేజ్‌ను ముందు అద్దం బయటి వైపు టేపుతో అంటించి, పొట్టంగి దగ్గరి ఎత్తు మీద నెమ్మదిగా నడిపాను. పక్కన కూర్చున్న మేనల్లుడు ముల్లు చూస్తూ అంకెలు చెప్పాడు. ఎత్తు మొదలయ్యేసరికి 43 ఉన్నది 40 అయింది, ఆ తర్వాత 36, కారు లాగడం మానేసిన చోట 32. గేజ్‌ను కారు లోపలికి మాత్రం ఎన్నడూ తేకూడదు. గొట్టం ఊడితే పెట్రోల్ ఒళ్లోకే వస్తుంది.

పీడనం పడిపోతోందని గేజ్ చెప్పింది. ఎందుకు పడిపోతోందో చెప్పడం దాని పని కాదు. ఫిల్టర్ మూసుకుపోవచ్చు, పంపు అరిగిపోవచ్చు, పంపుకు చాలినంత కరెంటు అందకపోవచ్చు. మల్టీమీటరుతో చూస్తే ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వద్ద 13.8 వోల్టులు, వెనుక సీటు కింద పంపు సాకెట్ వద్ద 11.1 వోల్టులు వచ్చాయి. ఎర్త్ వైరు చివరి రింగు విప్పితే దాని నిండా పచ్చటి చిలుము. గీకి, తుడిచి, కొత్త బోల్టు వేశాక సాకెట్ వద్ద 13.3 వచ్చింది, అదే ఎత్తు మీద ముల్లు 42 కిందికి దిగలేదు. పాత పంపే ఇప్పటికీ నడుస్తోంది.

గేజ్ కచ్చితత్వం గురించి చిన్న ఫిర్యాదు ఉంది. లోపల గ్లిజరిన్ నింపిన ఈ రకం గేజ్‌లకు పైన చిన్న రబ్బరు బిరడా ఉంటుంది. సముద్ర మట్టం దగ్గర బిరడా మూసిన గేజ్‌ను దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉన్న కొరాపుట్ పీఠభూమికి తెస్తే, లోపలి గాలి ఒత్తిడి బయటి కంటే ఎక్కువై ముల్లు ఒక పీఎస్ఐకి పైగా తక్కువ చూపుతుంది. బిరడాను గోటితో కాస్త లేపి గాలి వదిలితే సరిపోతుంది. కిట్‌తో వచ్చిన కాగితంలో ఈ మాట లేదు.

నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే పెట్రోల్ ఇంజిన్ల అధిక పీడన పైపుకు గాని, కామన్ రైల్ రకం డీజిల్ ఇంజిన్ల ఇంధన గొట్టానికి గాని ఈ కిట్ తగిలించకూడదు. అక్కడి పీడనం వందల బార్లలోకి, డీజిల్‌లో వేయి దాటి పోతుంది. మామూలు పెట్రోల్ కారు ఉన్నవారు కొనదలిస్తే, ముందుగా తమ పైపు కొలత తెలుసుకుని, దుకాణంలోనే ఆ కనెక్టరును ఒక పాత పైపు ముక్కకు తగిలించి, క్లిక్‌మని పడిందో లేదో చూసి, లాగి చూసి, అప్పుడే డబ్బు ఇవ్వాలి.