క్యాప్‌కామ్ సీపీఎస్-2 బోర్డులో సాఫ్ట్ ఎల్‌ఎస్ 14250 బ్యాటరీ

నా దగ్గరున్న ‘సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2 టర్బో’ ఆర్కేడ్ బోర్డు, అంటే నాణెం వేసి ఆడే ఆట యంత్రం లోపలి ఎలక్ట్రానిక్ పలక, 1994 నాటిది. జపాన్ ఆటల కంపెనీ క్యాప్‌కామ్ తయారుచేసిన సీపీఎస్-2 రకం బోర్డు అది. నీలం రంగు ప్లాస్టిక్ పెట్టెలో ఉన్న ఆ బోర్డును డాలస్‌లో పాత ఆట యంత్రాలు అమ్మే ఒకాయన దగ్గర కొన్నప్పుడు, లోపలి బ్యాటరీ చివరిసారి ఎప్పుడు మార్చారని అడిగితే ఆయనకు తెలియదన్నారు. ఇంటికి తెచ్చి పెట్టె విప్పి చూస్తే, మీద తేదీ కూడా చెరిగిపోయిన పాత సెల్ ఒకటి కనిపించింది. మీటరు పెడితే 3.4 వోల్టులు చూపింది. దాని స్థానంలో ఫ్రాన్సుకు చెందిన సాఫ్ట్ కంపెనీ వారి ఎల్‌ఎస్ 14250 వేసి ఇప్పటికి ఏడాదిన్నర అయింది. ఇటువంటి బోర్డులు దాచుకున్న తెలుగువారు నాకు తెలిసినంతలోనే కొందరు ఉన్నారు కనుక, ఆ సెల్ గురించి, దాన్ని మార్చిన తీరు గురించి వివరంగా రాస్తున్నాను.

ఈ బ్యాటరీ చేసే పని ముందుగా చెప్పాలి. ‘స్ట్రీట్ ఫైటర్ 2’కు ప్రపంచమంతటా నకిలీ బోర్డులు పుట్టుకొచ్చాక, 1993లో తెచ్చిన సీపీఎస్-2లో క్యాప్‌కామ్ ఆట ప్రోగ్రామునే సంకేత భాషలోకి మార్చి, దాన్ని విప్పే తాళంచెవి లాంటి కొద్దిపాటి సమాచారాన్ని కరెంటు ఉన్నంతసేపే నిలిచే మెమరీలో పెట్టింది. యంత్రం ఆపేసినప్పుడు ఆ మెమరీకి కరెంటు ఇచ్చేది ఈ చిన్న సెల్ ఒక్కటే. అది నీరసించిందంటే తాళంచెవి చెరిగిపోతుంది. చిప్పులన్నీ చెక్కుచెదరకుండా ఉన్నా, స్విచ్ వేస్తే తెర మీద ఏదో ఒక రంగు తప్ప మరేమీ రాదు. అందుకే సేకర్తలు దీన్ని ‘సూయిసైడ్ బ్యాటరీ’ అంటారు. ఆట కష్టం స్థాయి, కాయిన్ల లెక్క వంటి సెట్టింగులు వేరే చిప్పులో ఉంటాయి, వాటికి ఈ సెల్‌తో పని లేదు. మరో జపాన్ ఆటల కంపెనీ ఎస్ఎన్‌కే వారి నియో జియో ఎంవీఎస్ ఆర్కేడ్ యంత్రాల్లో సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. అక్కడ బ్యాటరీ చచ్చిపోతే పోయేది సెట్టింగులూ లెక్కలే. కాని ఆ నికెల్ కాడ్మియం బ్యాటరీ కారి బోర్డు మీది రాగి దారులను తినేస్తుంది. కనుక దీన్ని చదివి నియో జియోలో ఈ లిథియం సెల్ వేయకండి. ఆ బోర్డు తన బ్యాటరీని ఛార్జ్ చేస్తుంది, ఈ సెల్‌ను ఛార్జ్ చేయకూడదు.

ఒకప్పుడు తాళంచెవి పోయిన బోర్డు పోయినట్టే. 2001లో ఔత్సాహికుల బృందం ఒకటి సంకేతాలు విప్పిన ప్రోగ్రామును బయటికి తీయగలిగింది. 2007లో ఆండ్రియాస్ నైవ్, నికోలా సాల్మోరియా ఆ సంకేత పద్ధతినే ఛేదించారు. 2016లో ఎడ్వార్డో క్రూజ్ తన సహచరులతో కలిసి, పోయిన తాళంచెవిని అసలు చిప్పులోకి తిరిగి ఎక్కించే మార్గం చూపించారు. ఇన్ఫినికీ అనే చిన్న పరికరమైతే స్విచ్ వేసిన ప్రతిసారీ తాళంచెవిని తానే ఎక్కిస్తుంది, ఇక బ్యాటరీయే అక్కరలేదు. చచ్చిన బోర్డు చేతికొచ్చిన వారికి నేను నిస్సంకోచంగా చెప్పేది ఇన్ఫినికీయే. బతికి ఉన్న బోర్డు సంగతి వేరు. 1994లో కర్మాగారంలో ఎక్కించిన తాళంచెవి ఇన్నేళ్లుగా ఒక్క క్షణం కూడా తెగకుండా దానిలో నిలిచి ఉంది, దాన్ని అలాగే కాపాడుకోవాలన్నది నా పట్టుదల. ఆ పట్టుదలే లేకపోతే ఈ సెల్ జోలికి వెళ్లేవాణ్ణి కాదు.

ఇక సెల్ విషయం. ఎల్‌ఎస్ 14250 అంటే లిథియం థయోనిల్ క్లోరైడ్ రకం, 3.6 వోల్టులు, 1.2 ఆంపియర్ అవర్లు, పొడవులో మన పెన్సిల్ సెల్‌కు (ఏఏ) సగం. గది ఉష్ణోగ్రతలో ఊరికే ఉంచితే ఏడాదికి ఒక శాతం కన్నా తక్కువే కరుగుతుంది. ఏళ్ల తరబడి అతి స్వల్పమైన కరెంటు ఇస్తూ కూర్చునే పనికి అంతకన్నా తగిన గుణం మరొకటి లేదు. కొనేటప్పుడు రెండు కొసలా తీగలు వెల్డింగ్ చేసి వచ్చే రకాన్నే తీసుకోండి. ఉత్త సెల్ కొని దాని మీద నేరుగా టంకం పెట్టే పని ఎవరూ చేయకూడదు. ఆ వేడికి లోపల ఒత్తిడి పెరిగి సెల్ పగిలే ప్రమాదం ఉంది, లోపలి ద్రవం ఒంటికి తగలరానిది.

నేను మొదట మోసపోయిన సంగతి కూడా చెప్పాలి. సగం ధరకు వస్తున్నదని ఒక ఆన్‌లైన్ విక్రేత దగ్గర వేరే పేరున్న సెల్ తెప్పించాను. మీటరు 3.66 చూపేసరికి కొత్తదేనని సంబరపడ్డాను. అయితే ఈ రకం సెల్ వోల్టేజీ దాదాపు ఖాళీ అయ్యేవరకూ తగ్గదు కనుక, ఏ భారమూ లేకుండా చూసిన అంకె దేనికీ రుజువు కాదు. సెల్ మీద కొంచెం భారం పడేలా రెండు కొసల మధ్య ఒక కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి మళ్లీ చూశాను. అంకె 3 కిందికి జారి అక్కడే ఉండిపోయింది. పది నిమిషాలు ఆగినా లేవలేదు. దాన్ని బోర్డులో వేసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. తర్వాత ఎలక్ట్రానిక్ విడిభాగాల అధీకృత పంపిణీదారు నుంచి తెప్పించిన సాఫ్ట్ సెల్‌కు అదే పరీక్ష పెడితే, ముందు 3.3కు దిగి, నేను చూస్తుండగానే మెల్లమెల్లగా పైకెక్కి నిమిషం లోపు 3.5 దాటింది. నిల్వ ఉన్నప్పుడు లిథియం మీద పల్చటి పొర కట్టడం, కరెంటు తీయగానే అది విడిపోవడం ఈ రకానికి సహజం. ఆ పొర ఉండబట్టే సెల్ ఇన్నేళ్లు కరగకుండా నిలుస్తుంది. కనుక మొదట దిగిన అంకెను చూసి కంగారు పడకండి, తిరిగి లేస్తోందా లేదా అన్నదే చూడండి.

మార్చేటప్పుడు బోర్డులో కొద్దిగా కరెంటు నిల్వ ఉంచుకునే కెపాసిటర్ తాళంచెవిని కొద్ది నిమిషాలు నిలుపుతుందని, ఆ లోపు పని ముగించవచ్చని అనుభవజ్ఞులు చెబుతారు. నాకు అంత ధైర్యం చాలలేదు. అందుకే రెండు సెల్‌లు కొన్నాను. బోర్డును క్యాబినెట్ నుంచి పూర్తిగా విడదీసి, ఒక సెల్‌ను, కరెంటును ఒకవైపే పోనిచ్చే షాట్కీ డయోడ్ మీదుగా మొసలి క్లిప్పులతో బ్యాటరీ కొసలకు తగిలించాను. ఆ డయోడ్ ఉంటే తాత్కాలిక సెల్‌లోకి కరెంటు వెనక్కు ఎక్కదు. తర్వాత పాత సెల్ తీశాను. ప్లస్ వైపు కాలు సులువుగానే వచ్చింది. మైనస్ వైపు కాలు బోర్డు అంతటా పరుచుకున్న రాగి పొరకు అతికి ఉండటంతో, వేడినంతా ఆ రాగే లాగేసుకుని టంకం కరగనే లేదు. బలవంతంగా పీకితే రంధ్రంలోని లోహపు పూత ఊడివస్తుంది. కొత్త టంకం కొంచెం కలిపి, వెడల్పు మొన ఉన్న టంకం ఐరన్‌తో నింపాదిగా కాచాక అది కదిలింది. కొత్త సెల్ అతికించి, మీటరుతో సరిచూసుకుని, చివరికి క్లిప్పులు తీసేశాను. స్విచ్ వేసి, తెర మీద క్యాప్‌కామ్ పేరు కనబడేదాకా ఊపిరి బిగబట్టే ఉన్నాను.

టంకం పని రాని వారు, సెల్‌ను టంకం లేకుండా పెట్టి తీయగలిగే హోల్డరు ఒకసారి ఎవరిచేతనైనా పెట్టించుకుంటే తర్వాత మార్పు తేలిక. నాకు మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ వదులయ్యే స్ప్రింగును నమ్మి తాళంచెవిని వదిలేయడం ఇష్టం లేదు.

ధర విషయానికి వస్తే, నాకు ఒక్కో సెల్ పది డాలర్ల లోపే పడింది. లిథియం సెల్‌లను విమానంలో పంపడానికి ప్రత్యేక నిబంధనలు ఉన్నందున విడిగా తెప్పిస్తే రవాణాకే ఎక్కువ అవుతుంది. ఇతర విడిభాగాలతో కలిపి ఆర్డరు ఇవ్వడం మేలు. చిన్నప్పుడు విజయవాడ వీడియో గేమ్ షాపులో మేమంతా ‘ముస్తఫా’ అని పిలుచుకున్న ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ కూడా 1993 నాటి క్యాప్‌కామ్ ఆటే. అది నకిలీ కాక అసలు బోర్డయితే దానికీ ఇటువంటి బ్యాటరీయే ప్రాణం. ఎవరి అటక మీదనైనా అటువంటిది పడి ఉంటే, దయచేసి ఈ వారమే దించి మీటరు పెట్టి చూడండి.

ఏడాదిన్నర తర్వాత మొన్న మళ్లీ పెట్టె విప్పి చూశాను. సెల్ దగ్గర ఎక్కడా చెమ్మ లేదు, తుప్పు లేదు, మీటరు 3.65 దగ్గర స్థిరంగా నిలిచింది. సెల్ వేసిన తేదీని చిన్న కాగితం ముక్క మీద రాసి మూత లోపలి వైపు అతికించాను. నా తర్వాత ఈ బోర్డు ఎవరి చేతికి వెళ్లినా, ఆ రోజు వ్యాపారిని నేను అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడ దొరుకుతుంది.