ఆరేళ్లు నాతో కొండలెక్కి, ఉప్పునీళ్లలో నానిన ట్రైపాడ్

ఈ కార్బన్ ఫైబర్ ట్రైపాడ్, అంటే కెమెరా నిలబెట్టే మూడు కాళ్ల స్టాండు, కొని ఆరేళ్లు దాటింది. కెమెరాను ఎటైనా తిప్పి బిగించే బాల్ హెడ్‌తో కలిపి కిలోన్నర లోపే. పాత అల్యూమినియంది రెండు కిలోల పైన ఉండేది. నిటారు ఎక్కుడు అనగానే దాన్ని ఇంట్లోనే వదిలేసేవాణ్ణి. దీన్ని ఒక్కసారి కూడా వదల్లేదు.

కొండల మీద దీనికి పెద్దగా వంక పెట్టలేను. తెల్లవారుజాము చలిలో అల్యూమినియం కాలు పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి, కార్బన్ చేతిలో వేడిని అంత త్వరగా లాగేయదు. గాలి దగ్గరే తంటా. కాళ్లు నాలుగేసి ముక్కలు, చివరి ముక్క మరీ సన్నం. శిఖరం మీద దాన్ని పూర్తిగా లాగి తీసిన లాంగ్ ఎక్స్‌పోజర్లన్నీ (షటర్ ఎక్కువసేపు తెరిచి తీసే ఫొటోలు) వణికిపోయాయి. అప్పట్నుంచి చివరి ముక్క బయటికి తీయను, మధ్య కడ్డీ లేపను, మోకాళ్ల మీద కూర్చుని తీస్తాను. కింద కొక్కేనికి బ్యాగు తగిలిస్తే కదలదని అందరూ అంటారు. గాలికి ఆ బ్యాగే ఊగి ట్రైపాడ్‌ని కదిపేస్తుంది. బ్యాగు అడుగు నేలకు ఆనాలి. ఇది తెలిసేలోపు ఒక సూర్యోదయం చేజారింది. అన్నట్టు, కార్బన్‌లో కరెంటు ప్రవహిస్తుంది. ఉరుము వినపడితే ట్రైపాడ్ కాళ్లు ముడిచి కిందికి దిగడమే.

సముద్రం దగ్గర అంతా రివర్స్. అక్కడ ముందు చివరి ముక్కనే పూర్తిగా లాగాలి, అప్పుడే దాన్ని బిగించే లాక్ నీళ్లకు, ఇసుకకు అందనంత ఎత్తులో ఉంటుంది. కొండ అలవాటుతో మొదటి ఏడాది పైముక్కలు లాగి, కింది లాక్‌లను అలల్లో ముంచాను. ఇసుక చేరి తిప్పినప్పుడల్లా కరకరమనేది. మూడో ఏడాదికి ఒక కాలు బిగుసుకుపోయింది. విప్పితే లోపల తెల్లటి పొడి. కార్బన్‌కు తుప్పు పట్టదు గానీ లాక్‌ల రింగులు అల్యూమినియంవి. కార్బన్‌ను తాకుతూ ఉప్పునీళ్లలో తడిస్తే తుప్పు ఆ లోహాన్ని ఇంకా త్వరగా తినేస్తుంది. అమ్మేటప్పుడు 'ఎక్కడైనా వాడుకోండి' అన్న కంపెనీ, ఉప్పు అనగానే గ్యారంటీ వర్తించదంది. విడి ముక్క మాత్రం అమ్మింది, అదొక్కటే మెచ్చుకోవాలి.

ఇప్పుడు తీరం నుంచి వచ్చిన రోజే కాళ్లు విప్పి మంచినీళ్లతో కడిగి, ఆరాక మరలకు పల్చగా గ్రీజు రాస్తాను. లోపలి ప్లాస్టిక్ రెక్కలు ఏవి ఎటు ఉన్నాయో విప్పేముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. నేను తీసుకోక ఒక సాయంత్రమంతా వాటితోనే కుస్తీ పట్టాను.

తడి ఇసుకలో ఇంకో చిక్కు. లెన్స్‌కు వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ ఆరు స్టాప్‌లది (ఒక్కో స్టాప్‌కు వెలుతురు సగమవుతుంది) పెడితే, షటర్ తెరిచి ఉంచే సమయం సెకనులో 30వ వంతు కాస్తా రెండు సెకన్లవుతుంది. ఆ రెండు సెకన్లలో వెనక్కి పోయే అల పాదాల కింద ఇసుకను లాక్కుపోతే ట్రైపాడ్ కుంగి ఫొటో పాడవుతుంది. కాళ్లను గట్టిగా నొక్కి, ఒక అల వచ్చిపోయాక, మళ్లీ నొక్కి తీస్తే నయం.

మళ్లీ కొంటే కార్బనే కొంటా, కాకపోతే మూడు ముక్కల కాళ్లది. ముడిచినా పొడుగ్గా ఉండి బ్యాగు పక్కన కొమ్మలకు తగులుతుంది, తగలనీ. తొమ్మిది లాక్‌లు కడిగేచోట ఆరే కడుక్కుంటా.